మీకు తెలుసా? మరియమ్మ నీలం, అజంతా నీలం

డిసెంబరు రాగానే తార్నాక, మెట్టుగూడ, లాలాగూడ వీధుల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వచ్చాక ఆంగ్లో ఇండియన్, తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా స్థిరపడ్డాయి. పండగకు వరండాలో గడ్డి పరిచి పశువుల పాక కడతారు. మధ్యలో బాలయేసు, పక్కన మోకాళ్ల మీద మరియమ్మ, వెనక ఎద్దూ గాడిదా, ఓ వారగా గొర్రెల కాపరులు. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మరి ఆ ఎద్దూ గాడిదా నాలుగు సువార్తల్లో ఎక్కడా లేవని మీకు తెలుసా? లూకా సువార్తలో పశువుల తొట్టి ఉంది, కాపరులు ఉన్నారు. పశువులు మాత్రం యెషయా గ్రంథంలోని ఒక మాటను పట్టుకుని తర్వాతి కాలపు కథల్లోకి వచ్చాయి. మరియమ్మ మోకరిల్లడం కూడా సువార్తలో లేదు. స్వీడన్ దేశపు సెయింట్ బ్రిజిత 1372లో బెత్లెహేము యాత్రకు వెళ్లినప్పుడు తనకు ఒక దర్శనం కలిగిందని చెప్పింది. ఆ దర్శనంలో బిడ్డ నేల మీద వెలుగుతూ పడుకుని ఉంటే తల్లి అతని ముందు మోకరిల్లింది. అంతవరకూ బాలింతను పరుపు మీద పడుకున్నట్టు గీసిన చిత్రకారులు ఆ తర్వాత మెల్లగా పద్ధతి మార్చుకున్నారు. ఇక పాకను నిజంగా కట్టి చూపించే ఆచారానికి పేరు తెచ్చింది అసీసీ ఫ్రాన్సిస్. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో బతికున్న ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి ఆయన క్రిస్మస్ జరిపించాడు.

ఇటలీ పద్ధతులు మన ఊరికి కొత్త కాదు. 1855లో హైదరాబాద్ వచ్చిన కాథలిక్ గురువులు మిలాన్ మిషన్ వాళ్లే. తెలంగాణలో ఈ క్రీస్తు జనన దృశ్యాన్ని రంగుల్లో చూడాలంటే మెదక్ కేథడ్రల్‌కు వెళ్లాలి. ఇంగ్లీషు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీల్లో ఒకటి అదే. పగటిపూటే వెళ్లండి, బయట వెలుతురు లేకపోతే ఆ బొమ్మ కనబడదు.

కాపరులు ఎక్కడి నుంచి వచ్చారు?

ఈ దృశ్యాన్ని వేసిన చిత్రాల్లో ఒకదాని ముందు కాసేపు ఆగుదాం. దొమెనికో గిర్లాందాయో అనే ఫ్లారెన్సు చిత్రకారుడు 1485లో 'కాపరుల ఆరాధన' వేశాడు. సాంతా త్రినితా చర్చిలో సస్సెత్తి కుటుంబం తన ప్రార్థనామందిరం కోసం వేయించుకున్న చిత్రం ఇది. కొయ్య పలక మీద, గుడ్డు సొన కలిపిన రంగులతో వేశాడు. ఎత్తూ వెడల్పూ రెండూ సుమారు 167 సెంటీమీటర్లు. ఇప్పటికీ ఆ మందిరంలోనే ఉంది.

మరియమ్మ మోకరిల్లి ఉంది. ఆమె నీలి పైవస్త్రం నేల మీద పరుచుకుంటే, దాని అంచు మీదే బిడ్డ పడుకున్నాడు. ఇది బ్రిజిత దర్శనం. పశువుల తొట్టి ఉండాల్సిన చోట రోమన్ల కాలపు చలువరాతి శవపేటిక ఉంది. దాని మీంచి ఎద్దూ గాడిదా తల వంచి చూస్తున్నాయి. పేటిక మీద లాటిన్‌లో ఒక మాట చెక్కినట్టు చిత్రించాడు. ఫుల్వియస్ అనే రోమన్ జోస్యుడు, తనను పాతిపెట్టిన పేటిక ఒకనాటికి ఒక దైవాన్ని ఇస్తుందని చెప్పాడట. పాక కప్పును మోస్తున్నది గుంజలు కాదు, చక్కగా చెక్కిన రోమన్ స్తంభాలు. ఒక స్తంభం తల మీద 1485 అని రోమన్ అంకెల్లో ఉంది. పాత రోము శిథిలాలను తవ్వి చూసి మురిసిపోతున్న ఫ్లారెన్సు విద్వాంసుల ఉత్సాహమంతా ఈ పాకలోకి వచ్చి చేరింది.

కుడివైపు కాపరుల దగ్గరికొస్తే వరస పూర్తిగా మారిపోతుంది. గడ్డాలు మాసినవాళ్లు, ఎండకు కమిలినవాళ్లు, చేతులు మొరటుగా ఉన్నవాళ్లు. ఒకడి చంకలో గొర్రెపిల్ల. ఫ్లారెన్సు చిత్రాల్లో అంతకుముందు ఇలాంటి మనుషులు దేవుడికి ఇంత దగ్గరగా రావడం అరుదు. వీళ్లు ఓడ మీద వచ్చారంటే ఆశ్చర్యంగా ఉంటుంది కానీ నిజం. ఫ్లాండర్స్‌లోని బ్రూజ్ నగరంలో, ఫ్లారెన్సు వారి మెడిచీ బ్యాంకు శాఖను చూసుకునే తొమ్మాసో పోర్తినారి ఆ ప్రాంతపు చిత్రకారుడు హ్యూగో వాన్ డెర్ గూస్ చేత ఒక పెద్ద చిత్రం వేయించాడు. రెక్కలు రెండూ తెరిస్తే దాదాపు ఆరు మీటర్ల వెడల్పు. అది సముద్రం మీద ప్రయాణం చేసి 1483 మే నెలలో ఫ్లారెన్సు చేరింది. అందులో ముగ్గురు కాపరులు పరుగున వచ్చి ఆగినట్టు ఉంటారు. ఒకడు మోకరిల్లి చేతులు జోడించాడు, ఇంకొకడు చేతులు విప్పి వంగాడు, వెనకవాడు పళ్ల సందులు కనబడేలా నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ చిత్రాన్ని చూడని ఫ్లారెన్సు చిత్రకారుడు ఉండి ఉండడు. రెండేళ్లు తిరిగేసరికి గిర్లాందాయో చిత్రంలో కాపరులు అదే మొరటుతనంతో వచ్చి కూర్చున్నారు.

అయినా ఇది నకలు కాదు. హ్యూగో కాపరులు ఉలిక్కిపడి ఉన్నారు, గిర్లాందాయో కాపరులు నిదానంగా ఉన్నారు. వాళ్లలో బిడ్డవైపు చేయి చూపిస్తున్నవాడి ముఖం చిత్రకారుడిదేనని కళాచరిత్రకారులు అంటారు. బ్రిజిత చెప్పిన మాట, రోము రాళ్లు, ఫ్లాండర్స్ మనుషులు, ఇవన్నీ ఒక పలక మీదికి వచ్చాక అది గిర్లాందాయోదే అయింది. మూడేళ్ల తర్వాత, 1488లో, ఈయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన పదమూడేళ్ల కుర్రాడి పేరు మైకెలాంజెలో.

హ్యూగో నుంచి గిర్లాందాయో తీసుకోనిది ఒకటుంది. హ్యూగో నూనె రంగులు వాడాడు. ఈయన మాత్రం గుడ్డు వదల్లేదు.

పట్నం కోడి, పల్లె కోడి

గుడ్డు సొనతో రంగు కలిపే విద్యకు ఇటలీలో ఒక చేతిపుస్తకం ఉంది. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీనీ రాశాడు. తన విద్య ఎవరి నుంచి వచ్చిందో మొదట్లోనే చెప్పుకున్నాడు. చిత్రకారుడు జొత్తో దగ్గర తద్దెయో గద్ది ఇరవై నాలుగేళ్లు ఉన్నాడు, తద్దెయో కొడుకు ఆన్యోలో దగ్గర చెన్నీనీ పన్నెండేళ్లు ఉన్నాడు. సంగీతం నేర్చిన మనవాళ్లు గురువుల వరస చెప్పుకున్నట్టే ఉంటుంది ఆ పేజీ.

అందులో ఒక సూచన నాకు ఎంతో ఇష్టం. పడుచువాళ్ల ముఖాలు వేసేటప్పుడు పట్నంలో పెరిగిన కోడి గుడ్డు వాడమంటాడు, ఆ సొన పాలిపోయి ఉంటుంది కాబట్టి. ముసలివాళ్లకూ చామనఛాయ వాళ్లకూ పల్లె కోడి గుడ్డు, ఆ సొన ముదురు రంగులో ఉంటుంది కాబట్టి. తార్నాకలో ఏ కిరాణా కొట్టుకు వెళ్లినా ఫారం గుడ్డు వేరు, నాటు గుడ్డు వేరు అని తెలియనివాళ్లు ఉండరు. దీని వెనక ఉన్న శాస్త్రం కూడా సులువే. సొనకు రంగునిచ్చేది కెరోటినాయిడ్లు. కోడి వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు, తిన్న తిండిలోంచే తీసుకోవాలి. పచ్చగడ్డి, ఆకులు ఏరుకు తినే కోడికి అవి బాగా దొరుకుతాయి. ఉస్మానియా క్యాంపస్ పక్కన, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మనిషి తినే తిండిలోని ఇలాంటి పదార్థాల లెక్క చూడటం వాళ్ల పనుల్లో ఒకటి.

సొన పసుపుగా ఉంటే రంగు చెడదా అని అడగవచ్చు. వెలుతురు తగిలితే ఆ పసుపు కొన్నాళ్లకు విరిగిపోతుంది. మిగిలేది గట్టి, పలచని పొర. అయిదొందల ఏళ్లయినా ఊడదు. అయితే అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి, నూనె రంగులా తడి మీద తడి కలపడం కుదరదు. సన్నని కుంచెతో గీత పక్కన గీత వేసుకుంటూ పోవాలి. దగ్గరికెళ్లి చూస్తే బుగ్గ మీది నునుపంతా వెంట్రుకవాసి గీతలే.

మరో చిన్న సంగతి. పాత ఇటలీ చిత్రాల్లో కొన్ని ముఖాలు జబ్బు చేసినట్టు పచ్చగా కనబడతాయి. చిత్రకారుడి ఉద్దేశం అది కాదు. ముఖానికి ముందు ఆకుపచ్చ మన్ను పూసి, దాని మీద గులాబీ రంగు వేయమంటాడు చెన్నీనీ. కింది పచ్చదనం వల్ల పైన చర్మానికి జీవం వస్తుంది. శతాబ్దాల తుడుపులో పై పొర అరిగిపోయి, కింది పచ్చ బయటపడింది.

ఔన్సు నాలుగు ఫ్లోరిన్లు

ఇక నీలం. గిర్లాందాయో కాపరుల చిత్రం వేసిన ఏడాదే, 1485 అక్టోబరు 23న, ఫ్లారెన్సులోని అనాథ శిశువుల ఆశ్రమం కోసం ఇంకో చిత్రానికి ఒప్పందం రాసుకున్నాడు. జ్ఞానులు బాలయేసును దర్శించుకునే ఘట్టం అది. ఆ కాగితంలో నీలం సంగతి విడిగా ఉంది: ఔన్సు సుమారు నాలుగు ఫ్లోరిన్ల ధర చేసే అల్ట్రామెరీన్ మాత్రమే వాడాలి. ఫ్లోరిన్ అంటే బంగారు నాణెం. చవక నీలం పూసి ఖరీదైనదని చెప్పే వీల్లేకుండా ముందే రాయించుకున్నారన్నమాట. మరియమ్మ పైవస్త్రానికి నీలం వేయడం భక్తీ, ఖర్చూ రెండూ కలిసిన పని.

ఎందుకంత ఖరీదు? ఆ నీలం లాపిస్ లాజులి అనే రాయి నుంచి వస్తుంది. అప్పట్లో ఐరోపాకు ఆ రాయి వచ్చిన చోటు అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండలు, కోక్చా నది లోయలోని సార్ ఎ సంగ్ గనులు. అక్కడి నుంచి ఫ్లారెన్సు చేరేసరికి ఎన్ని చేతులు మారాలో ఊహించుకోండి.

రాయి దొరికినంత మాత్రాన నీలం రాదు. ఉత్తినే నూరితే బూడిద రంగు పొడి వస్తుంది, ఎందుకంటే నీలి ఖనిజంతో పాటు తెల్లరాయి, బంగారంలా మెరిసే పైరైటు కలిసి ఉంటాయి. చెన్నీనీ దీనికి పద్ధతి చెప్పాడు. మెత్తగా నూరి జల్లించిన పొడిని దేవదారు జాతి చెట్ల బంకలోనూ, మస్తకి అనే బంకలోనూ, కొత్త మైనంలోనూ కలిపి ముద్ద చేయాలి. చేతులకు అవిసె నూనె రాసుకుని కనీసం మూడు రోజులు రోజూ పిసకాలి. తర్వాత ఆ ముద్దను బూడిద నుంచి తీసిన క్షారపు నీళ్లలో వేసి, రెండు కర్రలతో నొక్కాలి. నీలం కణాలు నీళ్లలోకి దిగుతాయి, చెత్త ముద్దలోనే ఉండిపోతుంది. మొదటిసారి దిగిన నీలం అన్నిటికంటే మేలైనది. చివరికి వచ్చేది దాదాపు బూడిద.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే రాయి, గిర్లాందాయోకు వెయ్యేళ్ల ముందే, అజంతా గోడల మీద ఉంది. వాకాటక రాజుల కాలంలో, 5వ శతాబ్దంలో వేసిన బౌద్ధ చిత్రాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు చాలావరకు దగ్గర కొండల మట్టీ రాళ్లే. నీలం ఒక్కటి దూరపు సరుకు, బదఖ్షాన్ లాపిస్. ఆ కొండల నుంచి ఒక దారి ఆగ్నేయంగా దక్కనుకు, ఇంకో దారి పడమరగా మధ్యధరా సముద్రానికి. బోధిసత్త్వుడి గుహలోనూ మరియమ్మ ఒంటి మీదా మెరిసింది ఆ కొండల రాయే.

ఆ చేతిపుస్తకం హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన వేళ

పోలికలు చెప్పడం సులువు. 19వ శతాబ్దం చివర్లో అజంతా చిత్రాలకు నకళ్లు తీయించిన జాన్ గ్రిఫిత్స్ కూడా, 16వ గుహలోని మరణిస్తున్న రాకుమారి చిత్రం గురించి రాస్తూ ఫ్లారెన్సు గీతనూ వెనిస్ రంగునూ తలచుకున్నాడు. గీతలో, రంగులో వాళ్లు ఇంకా మెరుగ్గా చేయగలిగేవారేమో గానీ, ఆ భావాన్ని ఇంతకంటే బాగా పలికించలేరని ఆయన అభిప్రాయం. కానీ రెనెసాన్స్ భక్తి చిత్రాలకూ మన హైదరాబాద్‌కూ ఉన్న బంధం పోలికతో ఆగదు. ఆ రంగులు కలిపిన చేతులే ఇక్కడికి వచ్చాయి.

క్రిస్టియానా హెర్రింగ్‌హామ్ అనే ఇంగ్లీషు చిత్రకారిణి (1852-1929) చెన్నీనీ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1899లో అచ్చు వేయించింది. మాటకు మాట అనువదించి ఊరుకోలేదు. ఆ పుస్తకం చెప్పినట్టే గుడ్డు పగలగొట్టి, రంగు నూరి, పాత ఇటలీ చిత్రాలకు తన చేత్తో నకళ్లు వేసింది. ఇంగ్లండులో గుడ్డు రంగుల విద్యను మళ్లీ నిలబెట్టినవాళ్లలో ఆమె ముందువరసలో ఉంటుంది. ఆ చేయి తర్వాత అజంతాకు వచ్చింది.

అప్పటికి అజంతా చిత్రాల నకళ్లకు చెడ్డ కాలం నడిచింది. రాబర్ట్ గిల్ అనే చిత్రకారుడు ఏళ్ల తరబడి గుహల్లో పని చేసి వేసిన నకళ్లలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. గ్రిఫిత్స్ శిష్యుల నకళ్లు అనేకం 1885లో మరో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. గుహల్లో అసలు చిత్రాలేమో పొగకూ, గబ్బిలాలకూ, తేమకూ రాలిపోతున్నాయి. హెర్రింగ్‌హామ్ 1909-10, 1910-11 శీతాకాలాల్లో బృందంతో వచ్చి మళ్లీ నకళ్లు తీసింది. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో, ఔరంగాబాద్ ప్రాంతంలో ఉంది. ఆమెతో పని చేసినవాళ్లు: ఇంగ్లండు నుంచి డొరొతీ లార్చర్, కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్తా, వెంకటప్ప. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజలుద్దీన్.

కలకత్తా కుర్రాళ్ల గురించి అందరూ రాశారు, రాయాల్సిందే. నందలాల్ బోస్ ఆ గీతను శాంతినికేతన్‌కు తీసుకెళ్లాడు. బెంగాల్ పద్ధతి ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా మచిలీపట్నం జాతీయ కళాశాలకు చేరింది. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు, తర్వాత హైదరాబాద్‌లో 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకుడయ్యాడు. అయితే మన ఇద్దరు హైదరాబాదీల పేర్లు మనవాళ్లే అంతగా తలచుకోరు. అది నాకు కష్టంగా ఉంటుంది. సయ్యద్ అహ్మద్ ఒక శీతాకాలం పని చేసి వెళ్లిపోయినవాడు కాదు. తర్వాత నిజాం ప్రభుత్వం తరఫున అజంతా గుహల బాధ్యత చూశాడు, ఏళ్ల తరబడి నకళ్లు వేశాడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా గ్యాలరీ ఉంది. సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ వేసిన నకళ్లు అందులో ఉన్నాయి. నకలు అంటే చిన్నచూపు వద్దు. గోడ రాలిపోతున్నప్పుడు గీతను గీతగా పట్టుకోవడానికి అప్పట్లో ఇంతకంటే మంచి దారి లేదు, ఎందుకంటే నాటి ఫొటోలో రంగు ఉండదు.

హెర్రింగ్‌హామ్ కథ మాత్రం విషాదంగా ముగిసింది. ఇంగ్లండు తిరిగి వెళ్లాక మనసు చెదిరి, మిగిలిన జీవితమంతా చికిత్సాలయాల్లోనే గడిచింది. బృందం తీసిన నకళ్లు 1915లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి.

గోడకు లక్క

1914లో హైదరాబాద్ రాజ్యం పురావస్తు శాఖను పెట్టి గులాం యజ్దానీని అధిపతిని చేసింది. అజంతా మీద ఆయన తెచ్చిన నాలుగు సంపుటాలు 1930 నుంచి 1955 వరకు వచ్చాయి. అంతకుముందు ఆయన ఎదుర్కొన్న సమస్య ఒకటే: గోడలు రాలకుండా ఆపడం ఎలా? అందుకోసం నిజాం ప్రభుత్వం నేరుగా ఇటలీ నుంచే మనుషుల్ని పిలిపించింది. చర్చి గోడల చిత్రాలను బాగుచేయడంలో ఆరితేరిన ప్రొఫెసర్ లోరెంజో చెక్కోని, ఆయనతో పాటు కౌంట్ ఓర్సిని 1920లో వచ్చి, రెండు శీతాకాలాలు అజంతాలో పని చేశారు. గోడ నుంచి విడిపోతున్న పూతను మళ్లీ అతికించారు, మసి తుడిచారు. పెచ్చులూడి పోవాల్సిన బొమ్మలెన్నో ఆ పనితో నిలిచాయి. ఈ మాట ముందు చెప్పాలి.

తర్వాత చిత్రాల మీద రక్షణగా షెల్లాక్ పూశారు. షెల్లాక్ అంటే లక్క, లాడ్ బజార్ గాజుల్లో ఉండేదే, సారాయిలో కరిగించి పలచగా పూస్తారు. పూసినప్పుడు రంగులు తడిసినట్టు నిగనిగలాడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లక్క పసుపెక్కి, ముదిరి, దుమ్మును పట్టుకుంటుంది. నీలం మీద పసుపు పొర ఉంటే కంటికి ఆకుపచ్చగా కనబడుతుంది. బదఖ్షాన్ నుంచి వచ్చిన నీలానికి పట్టిన గతి అది. ఆ పూతను తొలగించడం తర్వాతి తరాల భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులకు ఓపిక పరీక్షించే పనైంది.

తప్పు ఎక్కడ జరిగిందో గోడ లోపల చూస్తే తెలుస్తుంది. ఇటలీ చర్చి గోడల్లో మేలైన పద్ధతి తడి సున్నం మీద రంగు వేయడం. ఒక రోజులో ఎంత వేయగలరో అంత మేరకే కొత్త సున్నం పూస్తారు. ఆరేటప్పుడు సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, రంగు ఆ రాయిలో ఇరుక్కుపోతుంది. అజంతా గోడ వేరు. రాతి మీద మట్టి, రాతిపొడి, పీచు, ఊక కలిపిన పూత, దాని మీద పలచని సున్నపు పొర, అది ఆరాక జిగురు కలిపిన రంగు. మట్టి ఊపిరి తీసినట్టు తేమను పీల్చి వదులుతూ ఉంటుంది. మీద లక్క పొర బిగిస్తే ఆ తేమకు దారి ఉండదు. చెక్కోనికి నైపుణ్యం తక్కువ కాదు, ఆ నైపుణ్యం పుట్టి పెరిగిన గోడ వేరు, అంతే.

అందుకే 1915 పుస్తకంలోని నకళ్ల విలువ నానాటికీ పెరిగింది. అవి లక్క పూయకముందు, పట్టుమని పదేళ్ల ముందు, ఆ గోడల ఎదుట నిలబడి వేసినవి. అసలు రంగుల జాడ వెతికేవాళ్లకు అవి సాక్ష్యం. ఆ సాక్ష్యంలో సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ చేతుల భాగం ఉంది.

ఆర్ట్స్ కాలేజీ స్తంభాలు

ఇక మన ఉస్మానియా క్యాంపస్. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. రూపకర్త బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్, అంతకుముందు ఈజిప్టులో చాలా కాలం పని చేసినవాడు. ఈ పనికి ముందు నిజాం ప్రభుత్వం పంపిన జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా ఇద్దరూ దేశదేశాల యూనివర్సిటీలు చూసి వచ్చారు. జాస్పర్ ఈ దేశపు పాత కట్టడాలు చూశాడు. తార్నాక వైపు నుంచి వచ్చి మెట్లెక్కేటప్పుడు పెద్ద కమాను చూసి లోపలికి వెళ్లిపోవడం అందరికీ అలవాటు. ఈసారి వరండాలో ఆగి స్తంభాల తలలు చూడండి. పైన కోసుగా తేలిన కమాను ఇస్లామీ కట్టడాలది, దాన్ని మోస్తున్న బరువైన స్తంభం అజంతా, ఎల్లోరా గుహలది. గిర్లాందాయో పాకకు రోమన్ స్తంభాలు పెట్టినట్టే, జాస్పర్ కూడా తనకంటే వెయ్యేళ్ల ముందటి రాతిపనిని తెచ్చి తన కప్పు కింద నిలబెట్టాడు. కట్టినది ఇక్కడి గ్రానైటుతో. పురావస్తు శాస్త్రం చెప్పే విభాగం కూడా ఈ భవనంలోనే ఉంది.

అజంతా మట్టి గోడల కోసం 1920లో ఇటలీ నిపుణులను పిలిపించిన ప్రభుత్వం, ఆ గుహల స్తంభాలను 1930లలో అడిక్‌మెట్ గుట్టల మీద కొత్తగా చెక్కించిన ప్రభుత్వం ఒక్కటే. రెండు పనులూ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో జరిగాయి.